బొమ్మకు సీసా పెడితే ముద్దు, పాలిస్తే పాడు పనా?

పొద్దున్నే రాద్దామని కూర్చున్నా. కోపంతో చేతులు వణికి ఆపేశా. ఇప్పుడు రాత్రి పదకొండు, ఇంకా మండుతూనే ఉంది. పోస్టు పొడుగైతే సర్దుకోండి.

నిన్న తిరుపతి బైరాగిపట్టెడలో మా వాళ్ళింట్లో నామకరణం. భోజనాలయ్యాక ఆడవాళ్ళమంతా లోపలి గదిలో చాపేసుకుని కూర్చున్నాం. పిల్లతల్లి ఓ మూల గోడవైపు తిరిగి, తువాలు కప్పుకుని బిడ్డకు పాలిస్తోంది. నాలుగేళ్ళ నా కూతురు రెప్ప వేయకుండా చూసింది. చూసి తన బొమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. గౌనుకు ఆనించుకుని, నా కర్చీఫ్ లాక్కుని బొమ్మ ముఖం మీద కప్పింది. అది చాలదన్నట్టు గోడవైపు కూడా తిరిగింది! మన సంప్రదాయం మొత్తం నాలుగేళ్ళకే వంటబట్టింది తల్లికి.

నేను నవ్వుకుంటూ ఉండగానే మా పెద్దత్త, అంటే మా ఆయన పెద్దమ్మ, చూసేసింది. "ఛీ ఛీ, ఏం పాడు పని మే అది!" అని బొమ్మను లాగేసి, పాప చేతి మీద ఒకటిచ్చింది. నా వైపు తిరిగి, "ఏం నేర్పిస్తా ఉండావు మే బిడ్డకు?" అంది.

నేర్పించానట నేను. సిలబస్ పెట్టి.

పాప వెక్కుతూనే అడిగింది: "చిన్నపాపకు పిన్ని ఇస్తా ఉందే, అవ్వా?" గదిలో పదిమంది ఉన్నాం. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. అందరికీ ఒక్కసారిగా తమలపాకులకు సున్నం రాసే పని గుర్తొచ్చింది.

ఆ తర్వాత జరిగింది వినండి. పెద్దత్త నా బ్యాగులో చెయ్యి పెట్టి, బొమ్మతోపాటు వచ్చిన ప్లాస్టిక్ పాలసీసా వెతికి తీసింది. "ఇదో, దీంతో పట్టాల. మంచి బిడ్డ కదా" అని బుగ్గ గిల్లింది. ఆ సీసా మీరూ చూసే ఉంటారు. లోపల రెండు గోడలు, వాటి మధ్య తెల్లటి నీళ్ళు. తలకిందులు చేస్తే పాలు మాయం, నిలబెడితే మళ్ళీ నిండుగా. నిన్న దాన్ని పది నిమిషాలు చూస్తూ కూర్చున్నా. ఎవరి పాలో తెలియదు, ఎక్కడికి పోతాయో తెలియదు. అది మాత్రం సభ్యత. గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. "అబ్బ, ఎంత ముద్దుగా పడతా ఉందో" అని ఒకావిడ ఫోను తీసి వీడియో కూడా తీసింది.

ఏ బొమ్మల కొట్టుకైనా పోండి. పసిపాప బొమ్మ కొంటే పెట్టెలో సీసా ఉంటుంది, పాలపీక ఉంటుంది. మనమెవరమూ అడగం. మన పిల్ల బొమ్మ నోట్లో రబ్బరు తోస్తుంటే అదేదో అమ్మతనం శిక్షణ అనుకుంటాం. ఇందులో తమాషా ఏమిటంటే, నిజం పాలసీసాకు ప్రకటన ఇవ్వడం మన దేశంలో నేరం. పాలపొడి డబ్బాలకూ సీసాలకూ ప్రచారం చెయ్యకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. డబ్బా మీద తల్లి బొమ్మ గానీ, బిడ్డ బొమ్మ గానీ వెయ్యకూడదు. కానీ మూడేళ్ళ పిల్ల చేతికి బొమ్మసీసా ఇచ్చి, బిడ్డ అంటే సీసా అని బుర్రలో ముద్ర వేసేస్తే దానికి ఏ సెక్షనూ లేదు. ఇంతకు మించిన ప్రకటన ఏ కంపెనీ తియ్యగలదు చెప్పండి!

ఇది మన ఊరి జబ్బే అనుకుంటే పొరపాటు. స్పెయిన్‌లో బెర్హువాన్ అని ఒక బొమ్మల కంపెనీ ఉంది. 2009లో వాళ్ళు పాలు తాగే బొమ్మను తెచ్చారు. దాని పేరుకు మన భాషలో తిండిపోతు బుజ్జిగాడు అని అర్థం. ఆడుకునే పిల్ల ఒక చిన్న పైగుడ్డ వేసుకుంటుంది, దాని మీద రెండు పూలు కుట్టి ఉంటాయి. బొమ్మ నోటిని పువ్వు దగ్గరికి తెస్తే చప్పరించే చప్పుడు చేస్తుంది. అంతే. పువ్వులండీ, పువ్వులు! 2011లో అది అమెరికాకు చేరేసరికి గగ్గోలు. అక్కడి ఫాక్స్ న్యూస్ టీవీలో బిల్ ఓరైలీ లాంటి పేరున్న యాంకర్ కూడా దాని మీద చిరాకు పడ్డాడు. పిల్లల బాల్యం పోతోందట, ఇంత చిన్నపిల్లలకు ఇదేమిటట. అదే దేశంలో సీసా బొమ్మలు ఎన్ని తరాలుగా అమ్ముతున్నారో, అప్పుడెప్పుడూ పోలేదు బాల్యం. మా పెద్దత్తకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా ఇద్దరికీ ఎంత బాగా కుదిరిందో చూడండి.

నన్నడిగితే ఆ బొమ్మ కూడా దండగే. పాలిచ్చినట్టు ఆడుకోవడానికి డబ్బు పోసి చప్పుడు చేసే బొమ్మ కొనాలా? నా కూతురు కర్చీఫుతో కానిచ్చేసింది. మా అవ్వ కాలంలో గుడ్డబొమ్మలతో ఆడేవాళ్ళు, సీసా ఎక్కడిది వాటికి? ఆడపిల్లలు బొమ్మను ఎదకు అదుముకునే ఆడుకున్నారు, ఎవరూ చెడిపోలేదు. సరే, అది వేరే సంగతి.

అసలు తిరుపతి వాళ్ళం మనం సిగ్గు గురించి మాట్లాడటమా! మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే ఏం చేస్తాం? మగాళ్ళు చీర కట్టి, రవిక తొడిగి, అందులో గుడ్డలు కుక్కుకుని రోడ్డంతా ఊరేగుతారు. మా వీధిలో ఒకబ్బాయి పోయినేడాది బెలూన్లు పెట్టుకున్నాడు, దారిలో ఒకటి టప్పున పేలింది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపించాం, విరగబడి నవ్వాం, సెల్ఫీలు దిగాం. వేషాల వాళ్ళు తిట్టే బూతులు పిల్లల చెవిన పడితే అది అమ్మవారి మొక్కు. మొక్కును నేనేమీ అనను, మా ఆయనా చీర కట్టాడు, నేనే కుచ్చిళ్ళు పెట్టా. కానీ మగాడి రవికలో బెలూన్ భక్తి అయినప్పుడు, పిల్ల ఒళ్ళో బొమ్మ పాడు పని ఎట్లయిందో ఎవరైనా చెప్పండి.

ఇంకో మాట. సందులో గొడవొస్తే చాలు, "తల్లిపాలు తాగినోడివైతే రారా" అని తొడ కొడతారు కదా మన మగధీరులు. తాగాల్సిందే, కానీ ఎవరూ చూడకుండా తాగాలి. ఇచ్చినావిడ మాత్రం తలుపు వెనకాల ఉండాలి. పాలు తాగి రొమ్ము గుద్దడం అని ఊరికే అన్నారా పెద్దలు?

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు చేస్తాం. అంగన్‌వాడీలో పోస్టరు అంటిస్తారు, పాలిచ్చే తల్లి బొమ్మ ఇంత పెద్దది. దాని పక్కన నిలబడి పెద్దలు ఫొటోలు దిగుతారు. మిగతా 358 రోజులు అదే తల్లి బస్సెక్కితే? నాకు తెలుసు ఏమవుతుందో. పాపకు మూడో నెలలో చిత్తూరు నుంచి వస్తున్నా. పూతలపట్టు దాటగానే గుక్కపట్టి ఏడుపు. కొంగు కప్పి పాలిస్తుంటే వెనక సీటాయన గట్టిగా అన్నాడు: "ఇంట్లో పట్టుకుని రాకూడదామ్మా?" పట్టుకుని రావడానికి అదేమన్నా మజ్జిగా? చంద్రగిరి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నా. ఆయన మాత్రం ఆ పొడుగునా ఫోనులో పాటలు, హెడ్‌ఫోన్స్ లేకుండా.

ఇంత కోపం బొమ్మ గురించేనా అని మా ఆయన కూడా అడిగాడు. కాదు. చెప్పేస్తా.

నాలుగేళ్ళ కిందట నాకు ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఏ ఆసుపత్రో చెప్పను. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలని ఆ వార్డు గోడ మీదే రాసుంది. ఆ రాత కింద నన్ను పడుకోబెట్టి, పాపను మాత్రం నా పక్కకు తెచ్చింది మూడు గంటల తర్వాత. పాలు పడలేదు. పడతాయి, బిడ్డ చీకేకొద్దీ పడతాయి, మొదట వచ్చే ముర్రుపాలు చెంచాడే అయినా ఆ పసికడుపుకు అదే చాలు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నా పక్కన ఉన్నదెవరు? మా పెద్దత్త. "దీనికి పాలు లేవు" అని వరండాలో అందరికీ వినబడేలా ప్రకటించి, కిందికి పోయి డబ్బా, సీసా కొనుక్కొచ్చింది. నన్ను అడగలేదు. కుట్లు లాగుతుంటే పక్కకు తిరగలేక, నా బిడ్డ ఆమె ఒళ్ళో ఆ సీసా తాగుతుంటే చూస్తూ పడుకున్నా. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరమొచ్చింది మూడో రోజు. లేని పాలు గడ్డ ఎట్లా కట్టాయో ఆమెను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

డబ్బాపాలు పట్టిన తల్లుల్ని నేను ఒక్కమాట అనను. ఎవరి ఇబ్బంది వాళ్ళది, కొన్నిసార్లు అదే ప్రాణం నిలబెడుతుంది. నన్ను అడగకుండా పట్టారు, నా బాధ అది. తర్వాత పట్టుబట్టి రెండేళ్ళు ఇచ్చా పాపకు. దానికి మాత్రం ఎవరూ వీడియో తియ్యలేదు.

ఆ డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, ఆవాలు పోసుకున్నా. నిన్న పెద్దత్త సీసా పట్టుకుని "ఇట్ల పట్టాల" అంటుంటే నాకు వినబడింది ఆ వరండా గొంతే.

ఇందాక ఫోను చేసింది. ఆదివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం, పాపను తప్పకుండా తీసుకురమ్మంది, బొమ్మను కూడా తెచ్చుకోమంది, నిన్న కొట్టినందుకు మనసు బాగాలేదట. వస్తాం అత్తా అన్నా. పాప, బొమ్మ, కర్చీఫ్, ముగ్గురూ వస్తారు. సీసా రాదు. మా వీధికి చెత్తబండి పొద్దున్నే వచ్చి పోయింది.