సిబిల్ చూసుకుంటే స్కోరు పడిపోతుందా? వాట్సాప్ మెసేజీకి జవాబు

మనం అప్పులు ఎంత సక్రమంగా కడుతున్నామో చెప్పే సిబిల్ స్కోరు గురించి ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "సిబిల్ స్కోరు ఊరికే చూసుకోకండి, చూసిన ప్రతిసారీ 10 పాయింట్లు పోతాయి. ఒక బ్యాంకు లోను ఇవ్వనంటే అదే రోజు పది చోట్ల అప్లై చేయండి, ఎక్కడో ఒకచోట వస్తుంది. అసలు అప్పే చేయనివాళ్లకి స్కోరు ఫుల్‌గా ఉంటుంది. పాత బాకీ సెటిల్‌మెంట్ చేసుకుంటే రికార్డు క్లీన్. 750 దాటనివాళ్లకి లోను ఇవ్వొద్దని రిజర్వు బ్యాంకు రూలు. స్కోరు తక్కువుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి, 48 గంటల్లో సరిచేస్తాం."

దీన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే చేస్తున్నారు. కానీ నమ్మి నష్టపోయేది మొదటిసారి లోనుకి వెళ్లే కుర్రాళ్లు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తున్నాను.

"చూసుకుంటే 10 పాయింట్లు పోతాయి"

పోవు. పది కాదు, ఒక్కటి కూడా పోదు. మీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టుని మీరే తెరిచి చూసుకోవడాన్ని సాఫ్ట్ ఎంక్వైరీ అంటారు. అది స్కోరు లెక్కలోకి రాదు, రేపు మీరు వెళ్లబోయే బ్యాంకుకి కనిపించదు. మీరు లోనుకో కార్డుకో అప్లై చేసినప్పుడు ఆ బ్యాంకు మీ రిపోర్టు తెప్పించుకుంటుంది చూడండి, అది హార్డ్ ఎంక్వైరీ. ఈ రెండిట్లో స్కోరు మీద ప్రభావం చూపేది అదొక్కటే. అది కూడా ఇన్ని పాయింట్లని లెక్క కట్టి ఉండదు. ఎప్పటినుంచో ఈఎంఐలు సక్రమంగా కడుతున్న మనిషికి ఒక ఎంక్వైరీ వల్ల పెద్దగా తేడా రాదు.

మన దేశంలో ఈ రికార్డులు ఉంచి స్కోరు ఇచ్చే, రిజర్వు బ్యాంకు లైసెన్సుతో నడిచే క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఈ నాలుగింటికీ 2017 జనవరి నుంచి ఉంది. చూసుకోవడమే తప్పయితే రిజర్వు బ్యాంకు ఆ హక్కు మనకెందుకు ఇస్తుంది? మూడు నెలలకొక బ్యూరో నుంచి తెప్పించుకుంటే ఏడాది పొడవునా మీ రికార్డు మీద ఓ కన్ను ఉంటుంది, ఒక్క రూపాయి ఖర్చు కాదు.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు చూసి పక్కన పెట్టేయకండి, కింద ఉన్న పేజీలే అసలైనవి. ప్రతి లోను దగ్గరా నెలనెలా ఒక గడి ఉంటుంది. అందులో 000 అనో ఎస్‌టీడీ అనో ఉంటే ఆ నెలతో ఇబ్బంది లేనట్టు. 030 ఉంటే కట్టాల్సిన తేదీ దాటి ముప్పై రోజులైనట్టు. మీరు ఎప్పుడూ తీసుకోని లోను అక్కడ కనిపిస్తే మీ పాన్ నంబరు ఎవరో వాడుకుని ఉండొచ్చు, లేదా వేరేవాళ్ల లోను పొరపాటున మీ రికార్డులో పడి ఉండొచ్చు. "చూడకండి" అన్న సలహా విన్నవాళ్లకి ఈ సంగతి హోమ్ లోను ఫైలు పెట్టిన రోజున గానీ తెలియదు.

"అదే రోజు పది చోట్ల అప్లై చేయండి"

మొత్తం మెసేజీలో ఎక్కువ హాని చేసే మాట ఇదే.

మా బంధువుల అబ్బాయి ఒకడు బైక్ లోను ఒకచోట రాలేదని, రకరకాల లోన్లు పోల్చి చూపించే ఒక యాప్‌లో ఫారం నింపాడు. "మీ పార్ట్‌నర్ సంస్థలు నా క్రెడిట్ రిపోర్టు చూడటానికి ఒప్పుకుంటున్నాను" అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉంది. ఓటీపీ కొట్టేశాడు. తర్వాత వాడి రిపోర్టు తీసి ఎంక్వైరీల పేజీ చూశాం. ఒకదాని కింద ఒకటి ఏడు సంస్థల పేర్లు. తేదీ అన్నిటికీ ఒకటే, అడిగిన మొత్తం కూడా ఒకటే. వాడి లెక్కలో వాడు అడిగింది ఒక్క లోనే. కానీ ఆ పేజీ చూసే లోను ఆఫీసరుకి మాత్రం ఒకే రోజు ఏడు గుమ్మాలు తొక్కిన మనిషి కనిపిస్తాడు.

బ్యాంకుల భయానికి కారణం లేకపోలేదు. మీరు ఇవాళ తీసుకున్న లోను ఇవాళే రిపోర్టులోకి ఎక్కదు. ఇంతకుముందు బ్యాంకులు నెలకోసారి వివరాలు పంపేవి, 2025 జనవరిలో దాన్ని పదిహేను రోజులకోసారి పంపేలా మార్చారు. ఎంక్వైరీ అలా కాదు, అప్పటికప్పుడే రిపోర్టులో నమోదవుతుంది. అంటే ఆ మధ్య రోజుల్లో మీకు ఎన్ని కొత్త అప్పులు శాంక్షన్ అయ్యాయో తెలియని బ్యాంకుకి దొరికే ఆధారం ఆ ఎంక్వైరీలే. ఏడింట్లో మూడు ఇప్పటికే శాంక్షన్ అయి ఉంటే, ఎనిమిదోది మనం ఇస్తే ఈ మనిషి జీతంలో ఈఎంఐలు పోను ఏం మిగులుతుంది? ఇదీ వాళ్ల అనుమానం. ఆ అనుమానంతో ఇంకోచోట కాదంటారు, మనం టెన్షన్‌తో మరో రెండు చోట్ల పెడతాం, పేజీ ఇంకా పెరుగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు దీనికి వేరే మాట చెప్తుంటారు: 45 రోజుల్లో ఎన్ని చోట్ల అడిగినా ఒక్కటిగానే లెక్క అని. అక్కడి ఫైకో స్కోరు కొత్త వెర్షన్లలో ఇంటి లోను, కారు లోను, చదువు లోను వరకు ఆ వెసులుబాటు నిజమే. క్రెడిట్ కార్డులకి అక్కడ కూడా లేదు. దాన్ని నమ్ముకుని ఇక్కడ పది ఫారాలు నింపకండి.

ఒక బ్యాంకు కాదంటే ముందు కారణం అడగండి. తర్వాత రిపోర్టు తీసి చూడండి. లోపం కనిపిస్తే సరిచేయించుకుని, కొన్ని నెలలు ఆగి, మీకు జీతం పడే బ్యాంకునే మొదట అడగండి. వడ్డీలు పోల్చుకోవాలంటే బ్రాంచికి వెళ్లి నోటిమాటగా కనుక్కోవచ్చు. పాన్ నంబరు ఇచ్చి, సంతకంతోనో ఓటీపీతోనో మీరు ఒప్పుకోనంతవరకు ఎంక్వైరీ పడకూడదు.

మరొకటి. ఏదైనా సంస్థ మీ రిపోర్టు తెరిస్తే బ్యూరోలు మీకు ఎస్సెమ్మెస్సో మెయిలో పంపాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అప్లై చేయకుండానే అలాంటి మెసేజీ వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రోజే రిపోర్టు తీయండి.

"అప్పు లేకపోతే స్కోరు ఫుల్"

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అప్పు చేయనివాళ్లకి 900 రాదు, అసలు స్కోరే ఉండదు. సిబిల్‌లో అయితే ఎన్‌హెచ్ అనో మైనస్ ఒకటి అనో చూపిస్తుంది. కట్టిన చరిత్ర లేదని దానర్థం, చెడ్డ చరిత్ర ఉందని కాదు. మొదటిసారి అడిగేవాళ్లని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది కూడా.

పైగా "నాకు అప్పుల్లేవు" అనుకునే చాలామందికి ఉంటాయి. బంగారం మీద తీసుకున్నది అప్పే. బావమరిది లోనుకి ష్యూరిటీ సంతకం పెడితే అది మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది. అతను కట్టకపోతే మీ రికార్డూ దెబ్బతింటుంది. డ్వాక్రా సంఘం లోన్ల వివరాలు సభ్యులవారీగా బ్యూరోలకి ఇవ్వమని 2016లోనే బ్యాంకులకి ఆదేశాలు వెళ్లాయి. ఇంట్లో ఆడవాళ్ల రిపోర్టు కూడా ఒకసారి తీసి చూడండి.

"సెటిల్‌మెంట్ చేసుకుంటే క్లీన్"

కాదు. లక్ష బాకీకి అరవై వేలు కట్టించుకుని బ్యాంకు వదిలేస్తే, రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. పూర్తిగా కట్టినవాళ్లకి పడేది "క్లోజ్డ్". కొత్తగా లోను ఇచ్చే బ్యాంకు మొదటిదాన్ని చూసి వెనకాడుతుంది. చేతిలో డబ్బు లేని పరిస్థితిలో సెటిల్‌మెంటే దారి కావచ్చు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ తర్వాత వీలైనప్పుడు మిగతాది కూడా కట్టి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, స్టేటస్ మార్పించుకోండి.

"750 రిజర్వు బ్యాంకు రూలు"

అలాంటి రూలు లేదు. కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదు. ఏ బ్యాంకు గీత దానిదే.

"ఫోన్ చేయండి, 48 గంటల్లో సరిచేస్తాం"

ఈ నంబరుకి ఫోన్ చేస్తే ముందు ఫీజు అడుగుతారు, తర్వాత పాన్, ఆధార్, ఓటీపీ అడుగుతారు. నిజంగా ఆలస్యంగా కట్టిన ఈఎంఐని రికార్డులోంచి తీసేసే అధికారం ఏ ఏజెంటుకీ లేదు. ఇక తప్పుగా పడిన ఎంట్రీ అయితే, దాన్ని ఉచితంగా తీయించుకునే దారి మీకే ఉంది. బ్యూరో వెబ్‌సైట్లో డిస్ప్యూట్, అంటే ఈ ఎంట్రీ తప్పన్న ఫిర్యాదు, పెట్టండి, బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు దాచుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పలకకపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. దానికీ ఫీజు లేదు.