సవరణ: బెర్లిన్ గోడ ప్రసంగం రాసింది పెగ్గీ నూనన్ కాదు

అమెరికా అధ్యక్షుడు రీగన్‌కు ప్రసంగాలు రాసిన పెగ్గీ నూనన్ గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. 1987 జూన్ 12న బెర్లిన్‌లో "ఈ గోడను కూల్చండి" అని సోవియట్ నేత గోర్బచేవ్‌ను అడిగిన ప్రసంగం ఆమెదే అన్నాను. అది రాసింది రీగన్‌కే ప్రసంగాలు రాసిన పీటర్ రాబిన్సన్. నూనన్ 1986లోనే వైట్‌హౌస్ ఉద్యోగం వదిలేశారు.

రాబిన్సన్‌కు ఆ మాట ఊరికే తట్టలేదు. అంతకుముందు బెర్లిన్ వెళ్లినప్పుడు, ఒకరింట్లో భోజనాల దగ్గర ఆ ఇల్లాలు కోపంగా అన్న మాటలోంచి పుట్టింది. విదేశాంగ శాఖ, జాతీయ భద్రతా మండలి దాన్ని తీసేయమని చివరిదాకా పట్టుబట్టాయి. రీగన్ ఉంచమన్నారు. అంత కష్టపడి నిలబెట్టుకున్న వాక్యాన్ని ఇంకొకరి ఖాతాలో వేశాను. పాఠకులు క్షమించాలి.

రెండో ప్రపంచయుద్ధ సైనికులను స్మరిస్తూ 1984లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో చేసిన ప్రసంగం, 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన రోజు రీగన్ చేసిన ప్రసంగం మాత్రం నూనన్ రాసినవే. అయితే చాలెంజర్ ప్రసంగంలోని చివరి మాటలు జాన్ మెగీ అనే యువ పైలట్ కవితలోవి. ఆ సంగతీ అప్పుడే చెప్పాల్సింది. ఇక 2017లో ఆమెకు పులిట్జర్ పత్రికా పురస్కారం వచ్చింది వాల్‌స్ట్రీట్ జర్నల్ కాలమ్‌కు, ప్రసంగాలకు కాదు.