తారు, గులాబీ, కాస్త తోలు

ముందుగా ఒక మనవి. వైన్ తాగేవాళ్ల మీద నాకు కోపం లేదు. తాగి ఊరుకునేవాళ్ల మీద అసలే లేదు. నా గొడవంతా తాగే ముందు మాట్లాడేవాళ్లతోనే.

అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున ఐదుగురం తెలుగువాళ్లం అద్దె కారేసుకుని మిలాన్ నుంచి పీడ్‌మాంట్‌లోని లాంగే కొండల మీదికి వైన్ రుచి చూడ్డానికి బయల్దేరాం. ముగ్గురం మిలాన్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, ఇద్దరు ముందు రోజు రాత్రి మ్యూనిక్ నుంచి రైల్లో దిగినవాళ్లు. మొత్తం నాలుగు గ్లాసులు, ఒక స్టీరింగు. ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు కాబట్టి ఎవరో ఒకరు త్యాగం చేయాలి. చీటీలు వేశారు. నా పేరొచ్చింది. ఐదు చీటీల మీదా నా పేరే రాశారని ఆదివారం రాత్రి గానీ తెలియలేదు. అంచేత ఈ వ్యాసం రాస్తున్నది ఒక్క చుక్క కూడా ముట్టనివాడు. వాసన మాత్రం చూశాడు. సాక్ష్యానికి ఇంతకన్నా పనికొచ్చేవాడు ఆ కారులో లేడు.

మాలో ఒకడున్నాడు. పేరెందుకు, ద్రాక్షాచార్యులు అనుకుందాం. మూడేళ్ల కిందటి దాకా వాడికి తెలిసిన మందు రకాలు రెండే: చల్లగా ఉన్నది, చల్లగా లేనిది. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఆరు వారాల వైన్ కోర్సు చేశాడు. అప్పట్నుంచి గ్లాసులో ఏది పోసినా తిప్పుతాడు. నీళ్లు తిప్పుతాడు. మజ్జిగ తిప్పడం నా కళ్లారా చూశాను. అది పులిసిపోయిందని మా నలుగురికీ తెలుసు. వాడికి మాత్రం చివర్లో కాస్త ఆమ్లత్వం కనిపించింది.

ఆల్బా పట్టణం దాటి కొండెక్కుతుంటే పొగమంచు. నాకు ముందున్న మలుపు కనబడటం లేదు. వెనక సీట్లో ఆచార్యులవారికి చరిత్ర కనబడుతోంది. ఇక్కడి ద్రాక్ష పేరు నెబ్బియోలో అట, ఇటాలియన్‌లో నెబ్బియా అంటే పొగమంచట, దాన్నుంచే ఆ పేరు వచ్చిందంటారట. ఈ ద్రాక్షతో 11 ఊళ్ల పరిధిలో చేసే వైనే బరోలో. అమ్మకానికి రావాలంటే కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. 62 నెలలు ఆగితే దాన్ని రిజర్వా అంటారు. ఆ లెక్కన హైదరాబాద్‌లో నేను బుక్ చేసిన ఫ్లాటు ఎప్పుడో రిజర్వా అయిపోయింది. బిల్డర్‌కి ఆ మాట తెలియక ‘ఆలస్యం’ అంటున్నాడు పాపం.

దారిలో పెద్ద బెంచీ ఒకటి తగిలింది. ఈ చుట్టుపక్కల స్థిరపడిన క్రిస్ బ్యాంగిల్ అనే అమెరికన్ కార్ల డిజైనర్ 2010లో మొదలుపెట్టిన ముచ్చట ఇది. మామూలు పార్కు బెంచీనే మనిషిని మించిన ఎత్తులో కట్టి కొండ మీద పెడతారు. పెద్దవాళ్లు దాని మీదికి పాకి, కాళ్లు వేలాడేసుకుని చంటిపిల్లల్లా కూర్చుని ఫొటో దిగాలి. మావాళ్లు పాకారు. ఇంటి లోన్లు, బీపీ మాత్రలు ఉన్న నలుగురు మగవాళ్లు కాళ్లూపుతుంటే కింద నిలబడి నలభై ఫొటోలు తీశాను. దాని గురించి ఇంతకంటే చెప్పను, వాళ్ల పిల్లలు చదువుతారు.

అసలు వ్రతం, అంటే వైన్ రుచి చూసే కార్యక్రమం, ఒక తోటలో పదకొండు గంటలకి. తలకి 35 యూరోలు, వాసన చూసినందుకు నాకూ అంతే. రాతి గోడల గది, పొడవాటి బల్ల, మనిషికి ఐదేసి గ్లాసులు. కథలు కూడా ఐదే కాబట్టి సత్యనారాయణ వ్రతమే అనుకోండి, చివర్లో ప్రసాదం లేదు. గైడు నున్నగా గడ్డం గీసుకుని, పెద్ద పూజారంత నెమ్మదిగా ఉన్నాడు. ముందు గ్లాసు వంచి తెల్ల కాగితం మీద రంగు చూడాలి. ఇటుక రంగు అంచు కనబడితే తలూపాలి. ఆ తర్వాత గ్లాసుకి ప్రదక్షిణం. తర్వాత ముక్కు లోపలికి, అంటే మొత్తం ముక్కు. ఆ పైన ఆచమనం: ఒక్క గుక్క నోట్లోకి తీసుకుని, పెదాలు సున్నాలా చుట్టి, గాలి పీలుస్తూ సుర్‌ర్‌మని చప్పుడు చేయాలి.

ఇక్కడ ఒక పాత బాకీ ఉంది. పదేళ్ల కింద మా నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడు చాయ్ సాసర్‌లో పోసుకుని సరిగ్గా ఇదే చప్పుడుతో జుర్రుతుంటే, ‘అంకుల్, చుట్టూ చూస్తున్నారు’ అన్నది ఈ ద్రాక్షాచార్యులే. మా నాన్న ఆ కోర్సు చేయకుండానే పాసయ్యాడని ఆ రోజు మాకెవరికీ తెలియదు.

జుర్రాక మింగకూడదు. పక్కనే స్టీలు బకెట్టు. అందులో ఉమ్మాలి. పుక్కిలించి ఉమ్మడానికి మా అమ్మమ్మ గోరువెచ్చటి ఉప్పునీళ్లు ఇచ్చేది, 35 యూరోలు తీసుకునేది కాదు.

ఉమ్మి, కళ్లు మూసుకుని, ఆచార్యులవారు సెలవిచ్చారు: ‘తారు.’

గైడు ముఖం వెలిగిపోయింది. అవునట. తారు, గులాబీ, ఈ రెండూ బరోలోకి అనాదిగా ఉన్న లక్షణాలట. ‘కాస్త తోలు కూడా’ అన్నాడు మావాడు. గైడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ ప్రశంస చూసి మిగతా ముగ్గురికీ టెన్షన్ మొదలైంది. కంపెనీ మీటింగులో అందరూ ఏదో ఒకటి మాట్లాడుతుంటే మనం ఊరుకుంటే అప్రైజల్ పోతుందన్న భయం లాంటిది. ఒకడు పుట్టగొడుగు అన్నాడు. బ్రావో. ఇంకొకడు తడిసిన గొంగడి అన్నాడు. దాన్ని ఇటాలియన్‌లో చెప్పలేక చేతులతో గొర్రెను చూపించాడు. బ్రావో. మ్యూనిక్ నుంచి వచ్చిన రెండోవాడు చెమటలు కక్కుతూ ‘మా అమ్మమ్మ ట్రంకుపెట్టె’ అన్నాడు. దానికీ బ్రావోనే. ఇక ఆగలేదు. చాక్‌పీసు, దానిమ్మ తొక్క, కర్పూరం, బస్‌పాసు. చివరికి గొంగడివాడు ‘గుడి గంట’ అన్నాడు. ‘గంటకి వాసనేంట్రా’ అన్నాను. ‘ఇత్తడి మామా’ అన్నాడు నన్నొక అజ్ఞానిలా చూస్తూ.

నా వంతు వచ్చింది. ముక్కు పెట్టి చూసి, నిజాయతీగా ‘ద్రాక్ష’ అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. ఆచార్యులు గైడు వైపు వంగి, ఇంగ్లిషులో, ‘క్షమించండి, ఇతను డ్రైవరు’ అన్నాడు.

మూడో గ్లాసుకి ఉమ్మడం మర్చిపోయి మింగడం మొదలైంది. మన లాక్షణికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విడదీశారు. నోట్లో వేసుకోగానే రసం దిగేది ద్రాక్షాపాకం, కొబ్బరికాయలా పీచు తీసి, టెంక పగలగొడితే గానీ అందనిది నారికేళం. మావాళ్ల ముఖాలు చూశాక నాకర్థమైంది: ద్రాక్షతోనే నారికేళపాకం చేయగలిగింది లోకంలో ఈ బరోలోవాళ్లే. నాలుక అంగిట్లో అతుక్కుపోయి, నలుగురూ పచ్చి జామకాయ కొరికినట్టు పెదాలు పిండుకుంటూ ‘అద్భుతం, అద్భుతం’ అంటున్నారు.

నిజం చెప్పాలంటే, తారు వాసన నాకూ వచ్చింది. ఒట్టు.

మాది పాలమూరు. మేం దాన్ని డాంబరు అంటాం. ఎండాకాలం రోడ్డు వేస్తుంటే మా బడి దాకా వచ్చేది. మా వెనకింటి ఎల్లమ్మత్త ఆ పనికి పోయేది. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని, కాగే డాంబరును రేకుడబ్బాలో పట్టుకుపోయి కంకర మీద పోసేవాళ్లు. సాయంత్రం గడప మీద కూర్చుని కిరసనాయిలు గుడ్డతో వేళ్లు తోముకునేది. గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. ‘అన్నంల గూడ అదే వాసన బిడ్డా’ అనేది. అందులో గులాబీ ఉందని ఆమెకెవరూ చెప్పలేదు.

నాలుగో గ్లాసు పోస్తూ గైడు గోడ మీది పటం చూపించాడు. బరోలో నేలని ముక్కలుగా విడదీసి, అధికారికంగా 181 పేర్లు పెట్టుకున్నారు. మా ఊళ్లోనూ రాళ్లచెలక, తుమ్మలచెలక అని ఉంటాయి గనక ఇది నాకు నిజంగా నచ్చింది. ఏ ముక్క ఏ దిక్కుకి తిరిగి ఉంది, మట్టిలో సున్నం ఎంత, ఇసుక ఎంత, పీపా చేసిన ఓక్ చెట్టు స్లవోనియా అడవిదా, ఫ్రాన్సు అడవిదా, అన్నిటికీ పేర్లున్నాయి. 2014లో యునెస్కో ఈ కొండల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గైడు తాత పేరు, తాత గుర్రం పేరు కూడా చెప్పాడు. ఆ తర్వాత, గొంతు తగ్గించి, అసలు మంత్రం: ‘మాది పూర్తిగా చేత్తో కోసిన ద్రాక్ష.’

కిటికీలోంచి తోట కనిపిస్తోంది. పొగమంచులో ఏడెనిమిది మంది వరసల మధ్య వంగి కోస్తున్నారు. ఒకతను రెయిన్‌కోటుకి బదులు చెత్తసంచికి కన్నాలు పెట్టి తొడుక్కున్నాడు.

నాకొచ్చిన ముక్కల ఇటాలియన్‌లో అడిగాను: ‘ఎవరి చేతులు?’

‘కోఆపరేటివ్‌వాళ్లు పంపిస్తారు.’

‘ఏ ఊరివాళ్లు?’

‘ప్రతి ఏడూ మారుతుంటారు’ అని ఐదో గ్లాసు అందుకున్నాడు. గుర్రం పేరు మాత్రం తెలుసు.

వాళ్ల భాషలో కాపొరాలె అని ఒక మాట ఉంది. కూలీల్ని పోగుచేసి, బండిలో కుక్కి, పొలంలో దించి, కూలిలోంచి తన వాటా, బండి ఖర్చు, నీళ్ల ఖర్చు కోసుకునేవాడు. మనకు అనువాదం అక్కర్లేదు, గుంపు మేస్త్రీ. దేశమంతా డ్యాములు కట్టొచ్చిన పాలమూరు లేబర్‌కి ఈ మనిషి బాగా తెలుసు. 2015 జులైలో దక్షిణ ఇటలీలోని పుల్యాలో ఒక ద్రాక్షతోటలో పావొలా క్లెమెంతె అనే 49 ఏళ్ల ఆవిడ పని చేస్తూ చేస్తూ కుప్పకూలి చనిపోయింది. అర్ధరాత్రి దాటాక బస్సెక్కి సుమారు 150 కిలోమీటర్లు పోయేది పనికి. మేం ఫొటోల కోసం వచ్చిందీ ఇంచుమించు అంతే దూరం. మరుసటి ఏడు, 2016లో, గుంపు మేస్త్రీల మీద 199వ నంబరు చట్టం తెచ్చారు. చట్టం బాగుంది. 2024లో ఇదే లాంగేలో కూలీల్ని దోచుకుంటున్నారన్న కేసులో మేస్త్రీల్ని పోలీసులు పట్టుకెళ్లారంటే, ఎనిమిదేళ్లు పీపాలో ఉంచాక కూడా ఆ చట్టం ఇంకా నోటికి ఆనడం లేదన్నమాట.

ఈ పోలిక ఎందుకు తెచ్చానా అని రాస్తుంటేనే సిగ్గేస్తోంది. అదే 2024 జూన్‌లో, రోమ్‌కి దక్షిణాన లాతీనా దగ్గర పొలంలో పనిచేస్తున్న సత్నామ్ సింగ్ అనే పంజాబీ కుర్రాడి చెయ్యి యంత్రంలో పడి తెగిపోయింది. కాగితాల్లేని కూలీ. పనిలో పెట్టుకున్నవాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. తీసుకొచ్చి ఉంటున్న ఇంటి ముందు పడేసి పోయారు. తెగిన చేతిని పండ్లు పెట్టే డబ్బాలో పెట్టి వదిలారు. రెండు రోజులకి చనిపోయాడు. చేత్తో కోసిన పంట, చేత్తో కోసిన పంట అని సీసా మీద బంగారు అక్షరాలతో అచ్చేసుకుంటారు కదరా, ఏ చెయ్యో చెప్పరేం? ఆ చేతికి కూలి ఎంతిచ్చారో, ఎన్ని గంటలు వంచారో, ఆ చెయ్యి తెగితే ఏ డబ్బాలో పెడతారో వెనక లేబుల్ మీద రాయండి. గులాబీ సంగతి తర్వాత చూద్దాం.

ఇదంతా అక్కడ ఇంత శుభ్రంగా అనలేకపోయాను. సగం తెలుగులో, సగం గొంతులో ఉండిపోయింది. ద్రాక్షాచార్యులు నా భుజం తట్టి, ‘మామా, మూడ్ ఖరాబ్ చేయకురా, బుర్రటా చీజ్ వస్తోంది’ అన్నాడు. వచ్చింది. నేనూ తిన్నాను.

సాయంత్రం కొండ దిగుతుంటే ముందు ఒక తెల్ల వ్యాన్. అద్దాలన్నీ లోపలి ఊపిరికి మసకబారి ఉన్నాయి. ఒక చెయ్యి అద్దాన్ని గుండ్రంగా తుడిచింది. రౌండెబౌట్ దగ్గర వాళ్లు అటు, మేం హోటలున్న పట్టణం వైపు. మా డిక్కీలో పద్దెనిమిది సీసాలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. గంటకి వాసన లేదనుకున్నాను గానీ, మోతైతే ఉంది.

రెండు నెలల తర్వాత జరిమానా నోటీసు వచ్చింది. ఆ పట్టణంలో పాతబస్తీలోకి బయటి బండ్లు పోకూడదట, బోర్డు మంచులో కనబడలేదు. తేదీ, వీధి పేరు, కారు నంబరు, 19 గంటల 42 నిమిషాలు, అన్నీ ఉన్నాయి. ఆ శనివారం సాయంత్రం ఆ కొండల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో ఇంత వివరంగా రాసిపెట్టిన కాగితం నాకు ఇదొక్కటే దొరికింది.

ఐదుగురం పంచుకుందామంటే నలుగురికీ అభ్యంతరం, నడిపింది నువ్వే కదా అని. సరే, చీటీలు వేద్దామన్నాను. ఈసారి చీటీలు నేను రాశాను. ఐదింటి మీదా ద్రాక్షాచార్యులే.