బాకీ వేరు, బీట వేరు

గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఇల్లు కట్టించుకునే తెలుగువారికి సరిహద్దు అవతలి పాతపట్నం నుంచి మేస్త్రిని పిలిపించుకోవడం మామూలే. ఇల్లు ఒడిశాలో, కట్టినవారు ఆంధ్రలో ఉండడంతో తగాదా వస్తే ఏ గడప తొక్కాలన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ, వారి లెక్కలూ కల్పితం; వారు చెప్పే చట్టాలు మాత్రం అమలులో ఉన్నవే. శ్లాబు కారుతోందని ఇంటి యజమాని అయిన విశ్రాంత ఉపాధ్యాయుడు ఆఖరి వాయిదా 2,40,000 రూపాయలు ఆపేశారు. అది కాక ఒప్పందంలో లేని పనులకు మరో 85,000 రావాలని, సామానుతో సహా ఒప్పుకుని ఇల్లు కట్టిన కాంట్రాక్టరు అడుగుతున్నారు.

కాంట్రాక్టరు: మాస్టారూ, మీరు గృహప్రవేశం చేసుకుని ఏడాదిగా అదే ఇంట్లో కాపురం ఉంటున్నారు. సెంట్రింగ్ వాళ్లకు, తాపీవాళ్లకు నేను ఎప్పుడో కూలి ఇచ్చేశాను, సిమెంటు కొట్టు బాకీకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాను. మేడమెట్ల దిక్కు మార్చమన్నది మీరు, పోర్టికో పెంచమన్నది అమ్మగారు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిపెట్టిన పని వల్ల మరొకరు ప్రయోజనం పొందితే దానికి ప్రతిఫలం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను చెబుతోంది.

ఉపాధ్యాయుడు: మెట్లు మార్చమన్న మాట నిజమే, నేను కాదనను. కానీ మేస్త్రిగారూ, దానికి ఎంతవుతుందో ఆనాడు మీరు చెప్పలేదు, పని అయ్యాక 85,000 అని చీటీ పంపారు. ఇక శ్లాబు సంగతి. పడకగదిలో దూలం పక్కనే బయలుదేరిన బీట గోడదాకా పాకింది. వానలకు దాని వెంట తెల్లటి సున్నపు చారలు దిగాయి, ఒకచోట గిలాబా ఉబ్బి రాలితే లోపలి ఊచ తుప్పుతో ఎర్రగా కనబడింది. దానికి కింద ఉన్న కాంక్రీటు పది మిల్లీమీటర్లు కూడా లేదు. శ్లాబు ఊచకు సాధారణ పరిస్థితుల్లో 20 మిల్లీమీటర్ల కవరింగు ఉండాలని, సన్న ఊచలకు సడలించినా 15కు తగ్గరాదని కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ జిల్లాను ఎలా కుదిపిందో చూసినవాణ్ణి, నెత్తిమీది కప్పు విషయంలో సర్దుకుపొమ్మంటే ఎలా సర్దుకుంటాను?

కాంట్రాక్టరు: కవరింగు తక్కువ పడిన చోట బాగుచేసే బాధ్యత నాదే. బీటకు మాత్రం నన్నొక్కణ్ణే దోషిని చేయకండి. శ్లాబు మీద నీళ్లు కట్టే పని ఒప్పందం ప్రకారం ఇంటివారిది. మనం వాడిన, ఇనుప కొలిమి చిట్టెం కలిపిన స్లాగు సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. మడులు కట్టి మీకు అప్పగించాం, ఆ వారంలోనే మీ మోటారు కాలిపోయింది. ఆ తర్వాత మరొకరిచేత అదే శ్లాబు మీద నీళ్ల ట్యాంకు కట్టించారు.

ఉపాధ్యాయుడు: మోటారు కాలిపోతే కుళాయి నీళ్లు బిందెలతో మోయించాం. మీకు వేరేచోట పని తగిలి, పలకలతోపాటు దూలం కింది సరుగుడు బాదులు కూడా ముందే లాగేశారు. ఆరు మీటర్ల లోపు దూలానికైనా ఆ ఊతం 14 రోజులు ఉండాలి.

(ఇద్దరి ఆరోపణలనూ తేల్చగలిగినవి తేదీలే: పోత పోసిన రోజు, బాదులు తీసిన రోజు, నీళ్లు కట్టిన రోజులు. ఆ తేదీలు రాసిన పుస్తకం ఇద్దరి దగ్గరా లేదు. పర్లాకిమిడిలోనే కాదు, ఈ సరిహద్దు ఊళ్లలో ఇంటి తగాదాలు ఏళ్ల తరబడి సాగడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.)

ఉపాధ్యాయుడు: నేను జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళతాను. గృహనిర్మాణం కూడా సేవేనని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని నిర్వచనంలోనూ అది ఉంది. నేను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, మీరు పాతపట్నంలో ఉన్నా ఇక్కడికి రావలసిందే.

కాంట్రాక్టరు: వస్తాను. అయితే ఆ తలుపు మీకు తెరిచినట్టు నాకు తెరుచుకోదు. నేను వినియోగదారుణ్ణి కాను కాబట్టి నా బాకీకి సివిల్ కోర్టుకే పోవాలి, చెల్లింపు గడువు పెట్టుకోని పనికి పని ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఈలోగా మీరు మొత్తం 2,40,000 మీ దగ్గరే ఉంచుకుంటారు. శ్లాబు మరమ్మతుకు 60,000 అవుతుందని మీరు తెచ్చిన మేస్త్రే చెప్పాడు. ఒప్పందం తప్పినవారి నుంచి ఆ తప్పు వల్ల సహజంగా కలిగిన నష్టాన్ని రాబట్టుకోమని ఆ కాంట్రాక్టు చట్టమే 73వ సెక్షనులో అంటుంది. 60,000 నష్టానికి 2,40,000 బిగబట్టడం ఏ సెక్షనులో ఉంది?

ఉపాధ్యాయుడు: తుప్పు ఎంతదూరం పాకిందో గిలాబా కొట్టి చూస్తేగాని తెలియదు, ఆ 60,000 పైపై అంచనా. డబ్బు మొత్తం ఇచ్చేస్తే మీరు మళ్లీ మా వీధి మొహం చూస్తారా? పోయినసారి వచ్చినవాళ్లు బీట మీద సిమెంటు పాలు రుద్ది వెళ్లిపోయారు.

కాంట్రాక్టరు: ఆ భయం న్యాయమైనదే, ఆ రుద్దుడు పనిని నేనూ సమర్థించను. అయితే మీరంతట మీరే గిలాబా కొట్టించి కొత్త పూత వేయిస్తే ఏది నా తప్పో, ఏది ట్యాంకు బరువో ఎవరూ చెప్పలేరు. ఇద్దరికీ సమ్మతమైన సివిల్ ఇంజనీరును పిలుద్దాం. మన ఇద్దరి ఎదుటే గిలాబా తీయించి, కొలిచి, ఫొటోలతో నివేదిక రాయమందాం. కోర్టుకు వెళ్లినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద కోర్టు తరఫున చూసివచ్చే కమిషనరును వేసి చేయించేది ఈ పరిశీలనే. తగాదా లేని 1,80,000 ఇప్పుడే ఇవ్వండి. ఆ నివేదిక 60,000 కన్నా ఎక్కువ అంటే ఆ తేడా నా 85,000లో పట్టుకోండి.

(న్యాయంగా చూస్తే ఈ ప్రతిపాదన ఉపాధ్యాయుడికి కూడా లాభమే. ఉన్న లోపానికి మించి సొమ్ము ఆపినవారు కోర్టులో ఆ అదనపు మొత్తానికి కారణం చూపలేక ఇబ్బంది పడతారు.)

ఉపాధ్యాయుడు: ఇంజనీరు ఫీజు?

కాంట్రాక్టరు: చెరి సగం. ట్యాంకు వల్ల అని తేలితే నా సగం మీరు తిరిగివ్వాలి, బాదుల వల్ల అని తేలితే మీ సగం నేనిస్తాను.

ఉపాధ్యాయుడు: సరే. కానీ పని సంతృప్తికరంగా పూర్తయిందని మాత్రం నేను రాయను. శ్లాబు తగాదా తేలకుండానే ఈ సొమ్ము ఇస్తున్నానని రాస్తాను.

కాంట్రాక్టరు: అలాగే రాయండి మాస్టారూ, మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. గడువులోగా కొంత బాకీ చెల్లించినట్టు బాకీదారుడి రాత ఉంటే 1963 కాలపరిమితి చట్టం 19వ సెక్షను కింద మూడేళ్ల లెక్క ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. మెట్ల డబ్బు నేను వదులుకోలేదని దాని కిందనే నేనూ రాసి సంతకం పెడతాను.

ఉపాధ్యాయుడు: పెట్టండి. ఇంజనీరు వచ్చేదాకా ఆ గదిలో గిలాబా ఎవరూ ముట్టుకోరాదని కూడా అందులో చేర్చండి.