వరల్డ్ సిరీస్ గారికి, సియాటిల్ నుంచి, 2025 అక్టోబర్ 21

మహారాజశ్రీ వరల్డ్ సిరీస్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే, అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన తమరు కుశలం. మా సంగతి నిన్న రాత్రి టీవీలో చూసే ఉంటారు.

దీపావళి పూటైనా మా గడప తొక్కుతారనుకున్నాం. 1977 నుంచి పిలుస్తూనే ఉన్నాం కదా. 30 జట్లుంటే 29 ఇళ్లలో విస్తరేసుకుని భోంచేశారు. మా సియాటిల్ జట్టు మారినర్స్ ఇంటి దారొక్కటే తమకి తెలీదు. మాతోపాటు అదే ఏడాది పుట్టిన టొరంటో ఇంటికి 1992లో, 1993లో వరసగా వెళ్లొచ్చారు. ఇప్పుడు మూడోసారి, అదీ మా ముందున్న విస్తరి లాగేసి వాళ్లకి వేయించి.

2001 సంగతి ఎత్తనని మా ఆవిడకి మాటిచ్చాను. 162 మ్యాచుల్లో 116 గెలిచాం. 1906 నాటి చికాగో కబ్స్ రికార్డు సరసన నిలబడ్డాం. అక్టోబర్‌లో న్యూయార్క్ యాంకీస్ వాళ్లు అయిదు మ్యాచులకే ఇంటికి పంపారు. ఆ ఏడాది తమరు ఎవరింట పండగ చేసుకున్నారు? నాలుగో సీజన్ ఆడుతున్న అరిజోనా ఇంట! ఇదిగో, ఎత్తేశాను. ఆ తర్వాత 20 సీజన్లు, తమ దాకా తీసుకొచ్చే నాకౌట్ పోటీలున్న పోస్ట్‌సీజన్ ముఖమే చూడలేదు. 2022లో చూస్తే, హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ ఆడి 1-0తో మూట సర్దుకున్నాం. మ్యాచ్ అంటే మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సే. అంటే రెండు మ్యాచులు సరిపడా ఆడి, ఒక్క రన్ కూడా చేయలేదండీ.

ఇక నిన్న. తమ దగ్గరికి ఎవరెళ్లాలో తేల్చే టొరంటో సిరీస్‌లో 3-2తో ముందుండి ఆరోది పోగొట్టుకున్నాం, సరే. ఏడో మ్యాచ్, మూడో ఇన్నింగ్స్‌లో మా హూలియో హోమ్‌రన్, అదే, క్రికెట్ సిక్సర్ లాంటిది. అయిదులో కాల్ రాలీ, ఈ సీజన్‌లో 60 కొట్టిన మహానుభావుడు, ఇంకోటి. 3-1. అప్పుడే మా ఆవిడ హారతి పళ్లెంలో కర్పూరం పెట్టి పిలిచింది. ‘‘ఈ ఏడో ఇన్నింగ్స్ కానీ, వస్తున్నా’’ అన్నాను.

టొరంటో వంతు. ఒక వాక్. ఒక సింగిల్. ఒక బంట్. బేసుల మీద ఇద్దరు. ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే తమరు మా ఊళ్లో ఉంటారు. బంతి విసిరేవాళ్లు వంతు కోసం కాచుకునే బుల్‌పెన్‌లో మునోజ్ ఉన్నాడు. మ్యాచ్ చివర్లో ప్రాణాల మీదికొస్తే పిలిచేది అతన్నే. పిలవలేదు. బజార్డోని పిలిచారు. టొరంటో స్ప్రింగర్ హోమ్‌రన్ కొట్టాడు, మూడు రన్లు. 4-3.

మునోజ్‌ని ఎందుకు పిలవలేదు? వంటింట్లో మంటలు లేస్తుంటే, బిందెలో నీళ్లు పొద్దున కాఫీకి కావాలని దాచుకుంటారా ఎవరైనా? రాత్రి రెండింటికి లేచి కూర్చుని ఇదే అడిగాను. మా ఆవిడ ‘‘హారతి ఆపించిన మనిషివి, ముందు నువ్వు జవాబు చెప్పు’’ అంది. సరే, నాది తప్పే. నా తప్పుకి ఊరంతటికీ శిక్షా? అయినా వాళ్లననేదేముంది, నిన్ననాలి. అవును, ఇక నువ్వే. ఏం చూసుకుని నీకంత పొగరు? 48 ఏళ్లు వాకిట్లో నిలబడ్డవాళ్లకి కనీసం మొహం చూపించవా?

తొమ్మిదిలో ఆఖరి అవుట్ హూలియోదే, స్ట్రైకౌట్. నేను పూజగదికి వెళ్లేసరికి కర్పూరం అంటించకుండానే అంచులు హరించుకుపోయి ఉంది.

పదకొండు రోజుల కిందట డెట్రాయిట్ మీద 15 ఇన్నింగ్స్ ఆడి, పొలాంకో కొట్టిన దెబ్బకి గెలిచిన రాత్రి, మూడేళ్లుగా తలూపడం తప్ప మాట్లాడని పక్కింటాయన డ్రైవ్‌వే మధ్యలో నన్ను వాటేసుకున్నాడు. పొద్దున చెత్తడబ్బా దగ్గర కనిపిస్తే ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన కూడా నాలాగే మారినర్స్ టోపీ పెట్టుకుని ఉన్నాడు.

శుక్రవారం టొరంటోలో దిగుతున్నావు కదా, దిగు. ఫిబ్రవరిలో మావాళ్లు అరిజోనాలో, పియోరియాలో, ప్రాక్టీసు మొదలెడతారు. ఇందాక ఆఫీసు మీటింగ్‌లో కూర్చుని విమానం టికెట్ల ధరలు చూశాను. మా ఆవిడకి చెప్పకు.