అపస్వరానికి ఓ ఓటు

హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభకు ఏదో ఒక సాయంత్రం వెళ్లి ఓ గంట కూర్చోండి. ఘంటసాల జయంతో, వర్ధంతో, ఏ సందర్భమూ దొరక్కపోతే ఊరికేనో ఒక సినీ సంగీత విభావరి నడుస్తూ ఉంటుంది. వేదిక మీద రిటైరైన బ్యాంకు మేనేజరు, లెక్కల టీచరు, మనవణ్ణి చూసుకోడానికి ఊరు వదిలి వచ్చిన ఓ అమ్మమ్మ. చేతిలో ఫోను, ఫోనులో పాట సాహిత్యం, వెనకాల కరోకే ట్రాక్. పల్లవి బాగానే ఎత్తుకుంటారు. చరణానికి వచ్చేసరికి ట్రాక్ ముందు వెళ్లిపోతుంది, పాడేవాళ్లు వెనక దాన్ని వెతుక్కుంటూ ఉంటారు. పైస్థాయి అందుకోవాల్సిన చోట గొంతు మొరాయిస్తుంది. కింద కుర్చీల్లో ఉన్నవాళ్లలో సగం మంది తమ వంతు కోసం వచ్చినవాళ్లే. చివర్లో శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో.

వీళ్ల మీద జోకులేయడం మనకు అలవాటు. నేనూ వేసినవాణ్ణే. ఇప్పుడు మాత్రం నా ఓటు వాళ్లకే. సరిగ్గా రాకపోయినా, ఇక రాదని తెలిసిపోయినా, ఇష్టం కొద్దీ చేస్తూ ఉండే పని అనేది మన ఇళ్లలోంచి దాదాపు వెళ్లిపోయింది. దాన్ని సిగ్గుపడకుండా నలుగురి ముందూ బతికిస్తున్నది ఈ శాలువాల బ్యాచీయే.

మా ఇంటి సంగతి చెబుతాను. మా నాన్నగారు అరవై మూడో ఏట హార్మోనియం కొన్నారు. మూడేళ్లయింది. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు దాటి, జంట స్వరాల దగ్గర ఆగారు. అక్కణ్ణుంచి కదిలే సూచనలేవీ లేవు. రోజూ పొద్దున్న ఆరున్నరకు బెల్లోస్ తెరుస్తారు. ఆయన పై షడ్జం మెట్టు నొక్కి పట్టుకోగానే మా చిట్టి మెడ పైకెత్తి ఒక ఊళ వేస్తుంది. చిట్టి నాటు కుక్క. ఓ వానాకాలం మా మెట్ల కిందకి వచ్చి అక్కడే సెటిలైపోయింది. సాగదీసిన స్వరం వినగానే కుక్కలు అలా గొంతు కలపడం మామూలే. "మీ ఇద్దర్లో శ్రుతి దానిదే నయం" అని మా అమ్మ వంటింట్లోంచి తీర్పిస్తుంది.

చుట్టాలొస్తే రెండు ప్రశ్నలు తప్పవు. "ఎక్కడైనా ప్రోగ్రాం ఇస్తున్నారా బావగారూ?" ఇవ్వట్లేదంటే, "మరెందుకూ?" తర్వాత చిట్టిని చూసి, "ఇదే బ్రీడు? ఎంత పెట్టి కొన్నారు?" ఆలోచిస్తే రెండూ ఒకటే ప్రశ్న. ఫలితం చూపించలేని పనీ, ధర చెప్పలేని కుక్కా ఇంట్లో ఎందుకున్నట్టు?

పిల్లల దగ్గరికొస్తే ఈ లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది. సంగీతం క్లాసు కరపత్రంలో సంగీతం గురించి ఒక్క ముక్క ఉండదు. నేర్చుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుందట, లెక్కలు బాగా వస్తాయట. చెస్ అంటే ఏకాగ్రత, స్విమ్మింగ్ అంటే హైటు. పాట పాట కోసమే అని చెబితే ఫీజు కట్టేవాళ్లుండరని నేర్పేవాళ్లకూ తెలుసు. ఇంత చేసి ఎనిమిదో తరగతి అయిపోగానే వీణకు గుడ్డ కప్పేస్తారు. "ఇంటర్ అయ్యాక చూద్దాంలే." ఇంటర్ అయ్యాక ఎంసెట్ ఉంటుంది (పేరు ఎప్పుడో మారింది, మన ఇళ్లలో మారలేదు), తర్వాత బీటెక్, తర్వాత వీసా. ఆ వీణ మళ్లీ బయటికొచ్చేది బొమ్మల కొలువులో పెట్టడానికి. విశాఖలో నీట్ కోచింగ్‌కు వెళ్తున్న ఓ అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. ఆటలకూ కళలకూ ప్రాధాన్యం ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. పిల్లల్ని కాసేపు పాడుకోనివ్వండి అని చెప్పడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది.

'బాగా' అనే మాట ఎప్పుడూ నిపుణుల సొత్తే. వాళ్ల చేత కాదనిపించుకోవడంలో హార్మోనియంకు ఉన్నంత అనుభవం ఇంకే వాయిద్యానికీ లేదనుకుంటాను. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. కారణాలు తీసిపారేయదగ్గవి కావు. యూరప్ నుంచి వచ్చిన పెట్టె. మెట్లు బిగించినవి, స్వరం ఎక్కడికక్కడ తెగిపోతుంది, మన సంగీతానికి ప్రాణమైన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, అందులో కుదరదు. శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లూ నిజం. నిషేధాన్ని సడలించడం 1971లో గానీ మొదలవలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన ఊళ్లలో ఏం జరిగింది? అదే పెట్టె మీద పౌరాణిక నాటకాలు తెల్లవార్లూ నడిచాయి. హార్మోనిస్టు శ్రుతి ఇస్తే కృష్ణుడు పద్యం ఎత్తుకునేవాడు. రాగం సాగినకొద్దీ జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవారు. పగలు చూస్తే ఆ కృష్ణుడు కరణమో, బడిపంతులో, రెండెకరాల రైతో. వాళ్లలో ఎంతమంది గొంతు రేడియో ఆడిషన్‌లో బీ గ్రేడుకైనా నిలబడేది? ఆ సంగతి పందిరి ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చున్న మనిషికి అక్కర్లేకపోయింది.

రంగస్థల నటుడు బళ్లారి రాఘవను తీసుకోండి. ఆయన వృత్తి వకీలు పని. నాటకం కూడు పెట్టే పని కాదు, వదలని వ్యసనం. ఆయన మహానటుడు కదా అంటారేమో. నిజమే. కానీ అలాంటి ఒక్కడు పైకి రావాలంటే చుట్టూ డైలాగు మర్చిపోయేవాళ్లూ, మీసం ఊడిపోయేవాళ్లూ వందల మంది ఉండాలి. ఇలాంటివాళ్లకు మన భాషలో ఉన్న మాట 'ఔత్సాహికులు'. అందులో ఉన్నది ఉత్సాహం ఒక్కటే, సామర్థ్యం ఊసు లేదు. ఎవరు కాయిన్ చేశారో గానీ బంగారం లాంటి మాట. ఇప్పుడు దాన్ని సగం తిట్టులా వాడుతున్నాం.

ఇంకా పచ్చగా ఉన్న చోటు ఒకటుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఆడవాళ్ల కోలాటం బృందాలు వెలిశాయి. సాయంత్రం పని ముగించుకుని గుడి ముందు చేరతారు. మాస్టారుకు తలా ఇంత వేసుకుని ఇస్తారు. ఒకే రంగు చీరలు కొనుక్కుంటారు. అదృష్టం బాగుంటే తిరుమల వాహన సేవ ముందు ఆడి వస్తారు. నలభై ఏళ్లు దాటాక మొదటిసారి కర్రలు పట్టినవాళ్లు వాళ్లలో ఎందరో. అడుగు తప్పుతుంది, పక్కావిడ కర్రకు వేలు నలుగుతుంది, నవ్వుకుంటారు. ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు ఆ నవ్వు చూసే.

ఇందులో అవతలి పక్షం వాదన నాకు తెలియనిది కాదు. అందరూ పాడితే వినేదెవరు, ఇరవై ఏళ్లు సాధన చేసిన విద్వాంసుడి కచేరీకి ఖాళీ కుర్చీలూ కరోకేకు శాలువాలా అని ఒక సంగీతం మాస్టారు నన్ను నిలదీశారు. డబ్బు కట్టి పాడి, డబ్బు కట్టి సన్మానం చేయించుకోవడం నాకూ వెగటే. మైకు సౌండు మరీ వెగటు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ కూడదన్న నిబంధన అందరికీ ఉన్నట్టే వీళ్లకూ ఉండాలి. కానీ మాస్టారూ, మీ కచేరీలో గమకం ఎక్కడ పడిందో పసిగట్టి తల ఊపేది ఎవరు? ఇంట్లో అదే గమకం కోసం తంటాలు పడి, పట్టుకోలేక వదిలేసినవాడే కదా.

ఇక నన్ను నిజంగా టెన్షన్ పెట్టే విషయం. తన చేతులతో చేసుకునే సరదా పనేదీ లేని మనిషికి మన దగ్గర మిగిలిన హాబీ ఒక్కటే: రాజకీయం. రాజకీయం చేయడం కూడా కాదు, చూడటం. వార్డు సభకు వెళ్లరు. వీధి డ్రైనేజీ మీద అర్జీ పెట్టరు. సాయంత్రం ఏడింటికి టీవీ డిబేట్ పెట్టుకుని, అందులో అరిచేవాళ్ల తరఫున ఇంట్లో అరుస్తారు. తర్వాత ఆ క్లిప్పును ఫ్యామిలీ గ్రూపులో వేస్తారు. మా గ్రూపులో మా బాబాయికీ మామయ్యకీ మాటలు ఆగిపోయి రెండో సంక్రాంతి దాటింది. ఇద్దరూ రిటైరైనవాళ్లే. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు, ఏ నాయకుడూ వీళ్లను పేరు పెట్టి పిలవడు. మామయ్య ఒకప్పుడు తబలా వాయించేవాడు, బాబాయి పద్యం పాడేవాడు. అవి వదిలేసిన చోట ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి వేరేవాళ్ల గొడవ వచ్చి కూర్చుంది. సినిమా హీరోల కోసం కొట్టుకునే కుర్రాళ్లదీ ఇదే కథ. పార్టీలకు ఇలాంటివాళ్లే కావాలి. తన కాళ్ల మీద ఆడే మనిషి ఎప్పుడో ఒకప్పుడు "ఈరోజు నాకు కోలాటం ఉంది, మీ ర్యాలీకి రాలేను" అంటాడు. చూడ్డం ఒక్కటే తెలిసినవాడు అనడు.

అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని దాని భాషలు నేర్చుకున్న పీవీ నరసింహారావు, వీణ వాయించుకునే అబ్దుల్ కలాం ఈ దేశంలో పెద్ద పదవుల్లో ఉండి వెళ్లినవాళ్లే. ఇప్పటి నాయకుల్లో ఎవరికైనా ఓట్లతో పనిలేని ఇష్టం ఒకటుందా? ఉంటే ఫొటోగ్రాఫర్ లేకుండా ఎప్పుడైనా చేశారా?

వాళ్లను వదిలేద్దాం. మనకు కావాల్సింది చోటు. పట్టణాల్లో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. చిక్కడపల్లిలోనే, గానసభ ఉన్న ఆ పేటలోనే, నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా గ్రూప్స్ పుస్తకాల మీద వంగిన తలలే. 2023 ఎన్నికలప్పుడు రాహుల్ గాంధీ ఆ పక్కనే అశోక్‌నగర్ వచ్చి నిరుద్యోగులతో మాట్లాడి వెళ్లారు కూడా. ఆ పిల్లల కుర్చీలు లాక్కోమని నేననను. కానీ వీధికో ఫంక్షన్ హాలు కట్టుకున్న ఊళ్లలో, పదిమంది చేరి తప్పులు పాడుకోడానికి ఒక గది ఉండదు. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం రెండు గంటలు, రెండు చాపలు, ఒక ఫ్యాను. ఆడిషన్ వద్దు, సర్టిఫికెట్ వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో ఈ ఒక్క హామీ ఏ వార్డు అభ్యర్థి ఇచ్చినా, జెండా రంగు చూడకుండా మా ఇంటి నుంచి మూడు ఓట్లు ఖాయం. హార్మోనియం నాన్నగారే మోసుకొస్తారు. చిట్టిని మాత్రం ఇంట్లోనే కట్టేసి వస్తాం.