మామూలు ముట్టందే ఫైలు కదపని సినాప్టోట్యాగ్మిన్ గారికి

శ్రీ సినాప్టోట్యాగ్మిన్-1 గారు,
నరం చివర, సంచి గోడ మీద నివాసం.

విషయం: ఐదు కాల్షియం అయాన్లు చేతిలో పడితేగానీ గుమ్మం తీయకపోవడం గురించి.
సూచిక: మా అమ్మాయి మోకాలు.

అయ్యా,

భూముల రికార్డులు చూసే ఆఫీసులో 31 ఏళ్లు పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ని. ఫైలు ఎప్పుడు కదులుతుందో, ఎందుకు కదలదో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ విద్యలో జిల్లాలో నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ని. మొన్న ఆస్పత్రిలో మీ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆ గర్వం పోయింది. ఈ ఉత్తరం కాస్త అసూయతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా అమ్మాయికి ఎనిమిదో నెలలో బీపీ 160 దాటింది. గుర్రపువాతం వస్తుందేమోనని అడ్మిట్ చేసి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. గంటకోసారి నర్సమ్మ వచ్చి, దుప్పటి పక్కకు తీసి, మోకాలిచిప్ప కింద రబ్బరు సుత్తితో టక్కున కొట్టేది. కాలు చిన్నగా ఎగిరేది. "ఆ, ఉంది" అని కేసు షీటులో టిక్కు పెట్టి వెళ్లిపోయేది. మందు ఇస్తున్నది బీపీ మనిషికి, కొడుతున్నది మోకాలి మీద. నాకు తల తిరిగింది. పైగా ట్రేలో నేనే మెడికల్ షాపు నుంచి తెచ్చిన కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ ఒకటి, ఎవరూ ముట్టుకోకుండా పడుంది.

డ్యూటీ డాక్టరమ్మను అడిగాను. మా అమ్మాయి కన్నా చిన్నది. "కాలు ఎగరకపోతే మందు ఎక్కువైనట్టు అంకుల్. ఇంకా పెరిగితే ఊపిరి మీదికొస్తుంది. అప్పుడు ఆ కాల్షియం ఇస్తాం" అంది.

"మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియం ఎందుకమ్మా?"

మెడికల్ షాపు బిల్లు తిరగేసి దాని వెనక బొమ్మ గీసింది. "కాల్షియం నరంలోకి పోయే దారికి మెగ్నీషియం అడ్డం నిలబడుతుంది. కాల్షియం లోపలికి రాకపోతే అక్కడొకాయన పనిచేయడు."

"ఎవరాయన?"

మీ పేరు చెప్పింది. నరం చివర సరుకు విడుదల చేయించే ప్రొటీన్ అట. రెండుసార్లు చెప్పించుకుని అదే బిల్లు మీద రాసుకున్నాను.

మోకాలి నుంచి కబురు వెన్నుపాముకి వెళ్తుంది, అక్కడొక గుమ్మం. తిరిగి తొడ కండరానికి వస్తుంది, అక్కడింకొక గుమ్మం. ఆ రెండు చోట్లా డ్యూటీ ఎక్కువగా మీ తమ్ముడు రెండో నంబరుదట. పెద్ద మెదడులో చాలా చోట్ల మీరు. ఎవరైనా ఒకటే, ఇంటి పద్ధతి మారదు కదా.

మీ ఆఫీసు ఏర్పాటు గురించి తర్వాత కూర్చుని ఫోన్లో చదివాను. నరం చివర, కబురు మోసే రసాయనం నింపిన బుల్లి సంచులుంటాయి. ఒక్కో సంచి అడ్డం సుమారు 40 నానోమీటర్లు. కండరం దగ్గరి సంచి ఒక్కో దాంట్లో ఎసిటైల్‌కోలిన్ అనే ఆ రసాయనం అణువులు వేలకొద్దీ. సంచులు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంటాయి. స్నేర్ అనే ప్రొటీన్లు తాళ్లలా పేనుకుని సంచిని పొర వైపు లాగి పట్టుకుని ఉంటాయి. పక్కన కాంప్లెక్సిన్ అనే జవాను. అంటే నోట్ ఫైలు తయారు, సంతకాలు పూర్తి, సీలు వేయడమే తరువాయి. అయినా కదలదు. ఆ స్థితిలో ఫైలును ఆపడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. మేమైతే "సార్ క్యాంపులో ఉన్నారు" అనేవాళ్లం.

మీరు ఆ మాట కూడా అనరు. నరం బయట కాల్షియం లోపలికన్నా పదివేల రెట్లు ఎక్కువ. గుమ్మం బయట అంత రద్దీ పెట్టుకుని, లోపల మాత్రం నిత్యం ఊడ్చిపెట్టుకుంటుంది కణం. కరెంటు కబురు రాగానే కాల్షియం తలుపులు క్షణం పాటు తెరుచుకుంటాయి, ఆ తలుపుల పక్కనే మీరు చేతులు చాపి కూర్చుని ఉంటారు. మీకు రెండు చేతులు. సీ2ఏ చేతిలో మూడు అయాన్లు, సీ2బీ చేతిలో రెండు. ఐదూ పడ్డాయా, చేతులు వెళ్లి పొరలోకి గుచ్చుకుంటాయి, సంచి పొరతో కలిసిపోతుంది, సరుకు అవతల పడుతుంది. కాల్షియం రావడానికీ సరుకు పడడానికీ మధ్య సెకనులో ఐదువేలో వంతు. నేను డ్రాయరు తెరవడానికే అంతకన్నా ఎక్కువ పట్టేది.

ఇంతవరకూ వృత్తి మర్యాద. ఇక ఫిర్యాదు.

1967లో డాడ్జ్, రహామిమాఫ్ అనే ఇద్దరు కప్ప కండరం మీద లెక్క కట్టారు. కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు విడుదలయ్యే సరుకు దానికి నాలుగో ఘాతంలో పెరుగుతుందట. మా భాషలో చెప్పాలంటే, మామూలు సగం ఇస్తే పని సగం జరగదు, పదహారో వంతు జరుగుతుంది. అయ్యా, ఇది అన్యాయం. నా సర్వీసులో ఎంత కఠినుణ్ని అనిపించుకున్నా, ఐదొందలు అడిగిన చోట పేద రైతు రెండొందల యాభై పెడితే సగం పనైనా చేసి పంపేవాణ్ని. మిగతా సగానికి మళ్లీ రమ్మనేవాణ్ని, అది వేరే సంగతి.

పోనీ మామూలు ముట్టాకైనా పని ఖాయమా అంటే అదీ లేదు. మెదడులో చాలా సినాప్సుల దగ్గర, అంటే నరానికీ నరానికీ మధ్య గుమ్మాల దగ్గర, పదిసార్లు కబురొస్తే ఏడెనిమిదిసార్లు ఒక్క సంచీ కదలదట. మరోవైపు, కబురే రాకుండా అప్పుడప్పుడూ ఒక్కో సంచి దానంతటదే జారిపోతుంది. 1952లో ఫాట్, కాట్జ్ అనే ఇద్దరు లండన్‌లో కూర్చుని కప్ప కండరం మీద ఈ చిల్లర లీకేజీ పట్టుకున్నారు. సరుకు ఎప్పుడూ పూర్తి సంచుల లెక్కనే వెళ్తుందని దాన్నిబట్టే తేలింది, కాట్జ్ గారికి 1970లో నోబెల్ కూడా వచ్చింది. మా ఆఫీసులో లీకేజీ పట్టుకున్నవాడికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

మీ మీద విచారణ జరగలేదనుకోకండి. మన పక్కింటి పిల్లలంతా ఉండే డాలస్‌లోనే, థామస్ సుడాఫ్ బృందం 1990లో మీ జన్యువు బయటికి తీసింది. 1994లో మీరు లేని ఎలుకల్ని పుట్టించి చూశారు. నాకు బాగా గుచ్చుకున్నది ఇక్కడే. గుమాస్తా లేకపోతే ఆఫీసు మూతపడుతుందనుకుంటాం కదా, పడలేదు. సంచులు కదిలాయి. కానీ వేళాపాళా లేకుండా, ఒకటి ఇప్పుడు, ఒకటి ఆనక. ఆ పిల్లలు రెండు రోజులు కూడా బతకలేదు. తర్వాత 2001లో మీ చేతిలో ఒక్క అమైనో ఆమ్లం మార్చి, కాల్షియం మీద పట్టు సగానికి తగ్గించారు. సరుకు కదిలే అవకాశమూ సగానికి పడింది. దాంతో దోషి మీరేనని రుజువైంది. 2013లో సుడాఫ్ గారికి రోత్‌మన్, షెక్‌మన్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు. మీకు కనీసం శాలువా కూడా కప్పలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నా పూర్తి సానుభూతి.

మీ చేతివాటం వల్ల దొంగలు పడుతున్నారని కూడా మనవి. సంచి పొరతో కలిసినప్పుడు లోపలుండే మీ తోక కొస బయటికి కనిపిస్తుంది. బొటులినం అనే బాక్టీరియా విషంలో బీ రకం సరిగ్గా దాన్నే పట్టుకుని లోపలికి దూరి, స్నేర్ తాళ్లలో ఒకదాన్ని కోసేస్తుంది. ఇక పాముల సంగతి. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసి వెళ్లిన పాట్రిక్ రసెల్ 1796లో పాముల మీద పుస్తకం వేస్తూ, ఒకదానికి మనవాళ్లు చెప్పిన పేరే రాశాడు, బంగారు పాము అని. అదే లాటిన్ వేషం కట్టి కట్లపాముల జాతి మొత్తానికి పేరైంది. ఆ జాతిలో తైవాన్ పాము విషాన్ని 1963లో వేరుచేసి బంగారోటాక్సిన్ అన్నారు. అందులో బీటా రకం నరం చివరికే పోయి సంచుల నిల్వ ఖాళీ చేస్తుంది. కట్లపాము కాటుకి కనురెప్పలు వాలిపోవడం వెనక ఉన్నది ఇలాంటి లూటీయే. మన ఊరి మాట మీ ఆఫీసు దోపిడీకి పేరు కావడం నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు.

ఇంత తిట్టాక ఆ రాత్రి సంగతి కూడా చెప్పాలి. మూడు గంటలకు నర్సమ్మ సుత్తితో కొట్టింది. కాలు ఎగరలేదు. మళ్లీ కొట్టింది. లేదు. నేను ట్రే వైపు చూశాను. ఆవిడ ఖంగారు పడకుండా, "రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగమ్మా, నా వైపు చూడకు" అంది. మా అమ్మాయి పళ్లు బిగించి లాగింది. టక్. బొటనవేలు అంగుళం పైకి లేచి పడింది. సరిగ్గా వేళకి.

నా సర్వీసు మొత్తంలో ఒక ఫైలు కదిలినందుకు ఏడ్చింది అప్పుడే.

మర్నాడు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు, కిలో తొమ్మిది వందలు. తలుపు చప్పుడైతే చేతులు రెండూ చాపి ఉలిక్కిపడుతున్నాడు. వాడి దగ్గర కూడా మీవాళ్లు అప్పుడే డ్యూటీలో చేరినట్టున్నారు. చేతులు చాపడం చూస్తే అర్థమైంది.

ఇట్లు,
తమ వృత్తి సోదరుడు

జతపరచినవి: కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్, 10 మి.లీ., ఒకటి. సీలు విప్పలేదు. రసీదు అక్కర్లేదు.